దూరపు కొండలు నునుపు

వారం అంగడికి వెళ్లినప్పుడు ఎప్పుడైనా గమనించారా? ఒకే వంకాయల కుప్ప ముందు నలుగురు ఆడవాళ్లు కూర్చుంటే, నలుగురూ నాలుగు రకాలుగా ఏరతారు. ఒకావిడ ముందు ధర అడుగుతుంది. తక్కువకు వస్తేనే సంచీ తెరుస్తుంది. రెండో ఆవిడకు ధర సంగతి తర్వాత. తొడిమ పచ్చగా ఉందా, పుచ్చు లేదు కదా అని తిప్పి తిప్పి చూస్తుంది. మూడో ఆవిడ జనం ఏ కుప్ప దగ్గర మూగారో అక్కడికే నడుస్తుంది. ‘ఇంతమంది కొంటున్నారంటే ఏదో ఉండే ఉంటుంది’ అని ఆమె లెక్క. నాలుగో ఆవిడకు మాత్రం వారం రోజులు వాడిపోకుండా నిలిచేవి కావాలి.

నలుగురిలో ఎవరు తెలివైనవాళ్లు? చెప్పలేం. ఒక్కో వారం ఒక్కొక్కరి ఎంపిక బాగుంటుంది. అంతే కదూ!

ఈ వంకాయల ముచ్చట ఎందుకంటారా? షేర్లను కూడా సరిగ్గా ఈ నాలుగు పద్ధతుల్లోనే ఏరి, ఒక్కో పద్ధతికీ ఒక్కో పేరు పెట్టి అమ్ముతున్నారు. వాటినే ఫ్యాక్టర్ ఇండెక్స్ ఫండ్లు అంటున్నారు. పదేళ్ల క్రితం ఈ మాట బొంబాయి దలాల్ వీధి వాళ్లకు, పెద్ద చదువులు చదివినవాళ్లకు మాత్రమే తెలుసు. ఇప్పుడు ఫోను పుణ్యమా అని మారుమూల మండలాల్లోని వంటింటి గట్టు మీదికి కూడా వచ్చేసింది. వచ్చినదాన్ని ఆహ్వానించాలా, గుమ్మంలోనే ఆపి నాలుగు ప్రశ్నలు అడగాలా? ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

టేకుమట్లలో ఒక ఇల్లాలు

భూపాలపల్లి జిల్లా టేకుమట్ల తెలుసు కదా? 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. పత్తి, వరి, మిరప పండించే నేల. అక్కడ ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. పత్తి అమ్మిన పైసలు కొన్ని, ఎత్తుకున్న చిట్టీ పైసలు కొన్ని కలిపి ఆమె దగ్గర రెండు లక్షలు ఉన్నాయి. కూతురు ఇంటర్ చదువుతోంది. రెండేళ్లలో ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క కొడుకు పండక్కి వచ్చి ఫోన్‌లో ఒక గీత చూపించాడు.

“చిన్నమ్మా, చిట్టీలల్ల ఏముంటది? గీ మొమెంటం ఫండు చూడు. ఇరవై ఏండ్ల సంది గీత పైకే పోయింది.”

ఆమె ఆ గీతను చూసి ఒక్కటే అడిగింది: “పైకి పోయింది సరే. మధ్యల కిందికి వచ్చినప్పుడు నా బిడ్డ ఫీజు ఎట్ల కట్టాలె?”

కుర్రాడికి జవాబు తోచలేదు. అతడు మోసగాడేం కాదు. చిన్నమ్మ బాగు కోరినవాడే. కానీ ఆమె అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గీత ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

ఇండెక్స్ అంటే ఏమిటి?

షేర్ మార్కెట్‌లో వేల కంపెనీలు ఉంటాయి. వాటిలో కొన్నింటిని ఒక నియమం ప్రకారం ఎంచి, వాటి ధరలన్నింటినీ కలిపి ఒకే అంకెగా చెబితే అది సూచీ, అంటే ఇండెక్స్. సెన్సెక్స్ 1986లో వచ్చింది. నిఫ్టీ 1996లో వచ్చింది. నిఫ్టీలో 50 పెద్ద కంపెనీలుంటాయి. మార్కెట్‌లో ఏ కంపెనీ విలువ ఎక్కువో, దానికి అందులో వాటా కూడా ఎక్కువ.

ఆ 50 కంపెనీలనూ అదే నిష్పత్తిలో కొని పెట్టుకునే ఫండే ఇండెక్స్ ఫండ్. దాన్ని నడపడానికి మహా మేధావులు అక్కర్లేదు కనుక ఖర్చు తక్కువ. అమెరికాలో జాన్ బోగుల్ 1976లో సామాన్యుల కోసం ఇలాంటి ఫండ్ తెచ్చినప్పుడు ‘గెలవాలన్న తపనే లేని ఫండ్’ అని నవ్వినవాళ్లున్నారు. తర్వాత ప్రపంచమంతా ఆ దారిన నడిచింది.

దీనివల్ల మనకేం లాభం? తెలుగువాళ్లకు ఈ పాఠం చెప్పడానికి వేరే దేశం వెళ్లనక్కర్లేదు. 2009 జనవరి 7 గుర్తుందా? హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తమ లెక్కలు తప్పుడు లెక్కలని ఉత్తరం రాసిన రోజు. ముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. ‘మనవాళ్ల కంపెనీ’ అని ఆ ఒక్క షేరులోనే దాచుకున్నవాళ్ల గతి ఏమైంది! ఇండెక్స్ ఫండ్ ఉన్నవాళ్లకు మాత్రం అది చాలా కంపెనీల్లో ఒకటి. దెబ్బ తగిలింది గానీ ఇల్లు కూలలేదు. కొద్ది రోజుల్లోనే సెన్సెక్స్, నిఫ్టీ రెండూ సత్యాన్ని తీసేసి వేరే కంపెనీని చేర్చుకున్నాయి.

నలుగురి ఎంపిక... నాలుగు ఫ్యాక్టర్లు

మామూలు ఇండెక్స్ ‘పెద్ద కంపెనీ అయితే చాలు’ అంటుంది. ఫ్యాక్టర్ ఇండెక్స్ మరో నియమం కూడా పెడుతుంది. అంగట్లో మన నలుగురు ఆడవాళ్లనూ మళ్లీ పిలుద్దాం.

ధర చూసే మొదటి ఆవిడది ‘వాల్యూ’ పద్ధతి. కంపెనీ సంపాదనతో, ఆస్తితో పోలిస్తే షేరు చవగ్గా దొరుకుతోందా అని చూస్తుంది. నిఫ్టీలోని 50 కంపెనీల నుంచే ఇలా 20 ఏరి చేసిన సూచీ ఒకటుంది. తొడిమ చూసే రెండో ఆవిడది ‘క్వాలిటీ’. పెట్టిన పెట్టుబడి మీద మంచి లాభం వస్తోందా, అప్పులు తక్కువేనా, లాభం ఏటేటా నిలకడగా ఉందా... ఇవీ ఆమె కొలతలు. జనం వెంట నడిచే మూడో ఆవిడది ‘మొమెంటం’, అంటే ఊపు. నిఫ్టీ 200 మొమెంటం 30 అనే సూచీ, 200 కంపెనీల్లో గత ఆరు నెలల్లో, పన్నెండు నెలల్లో బాగా పెరిగిన వాటిని, ఎగుడుదిగుళ్ల లెక్క కూడా చూసి, 30 ఎంచుకుంటుంది. ఏటా జూన్‌లో, డిసెంబరులో ఆ జాబితా మారుస్తుంది. వాడిపోని వంకాయలు కావాలనే నాలుగో ఆవిడది ‘లో వొలటిలిటీ’. ధర తక్కువగా ఊగే షేర్లనే ఏరుతుంది. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నది ఆమె సిద్ధాంతం.

ఇవేవీ గాలి మాటలు కావు. అమెరికా ఆచార్యులు యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 1992లో పాత లెక్కలు తిరగేసి, చిన్న కంపెనీలు, చవగ్గా దొరికే కంపెనీలు మిగతా వాటికన్నా ఎక్కువ లాభం ఇచ్చాయని చూపించారు. ఫామాకు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. మొమెంటం సంగతిని 1993లో నరసింహన్ జగదీశ్, షెరిడాన్ టిట్‌మన్ లెక్కలతో చూపించారు. కొన్ని నెలలుగా పెరుగుతున్న షేర్లు మరికొన్ని నెలలు పెరుగుతూ పోయాయని వాళ్లు గమనించారు. ఆ తర్వాత ఆ లాభంలో కొంత మళ్లీ కరిగిపోయిందని కూడా రాశారు. ఈ రెండో మాట ప్రకటనల్లో కనిపించదు!

ఆ గీతను ఎప్పుడు గీశారు?

ఇప్పుడు అక్క కొడుకు చూపించిన గీత దగ్గరికి వద్దాం. మొమెంటం 30 సూచీ గీత 2005 ఏప్రిల్ నుంచి మొదలవుతుంది. కానీ ఆ సూచీ పుట్టింది 2020 ఆగస్టులో. మరి ముందున్న పదిహేనేళ్ల గీత ఎక్కడిది? పాత ధరలు ముందు పెట్టుకుని, ‘ఈ నియమం అప్పుడే ఉండి ఉంటే ఇలా పెరిగేది’ అని వెనక్కి వెళ్లి గీసినది. అది అబద్ధం కాదు. కానీ ఆ పదిహేనేళ్లలో ఏ ఇల్లాలూ దాంట్లో నిజంగా పైసలు పెట్టలేదు. 2008లో మార్కెట్ కూలినప్పుడు ఎవరికీ దానివల్ల రాత్రి నిద్ర పట్టకుండా పోలేదు. పరీక్ష అయిపోయాక ప్రశ్నపత్రం చూసి జవాబులు రాస్తే ఎవరికైనా మంచి మార్కులే వస్తాయి. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అన్నారా?

పైగా, ఏ నియమం పాత లెక్కల్లో బాగా పనిచేసిందో దాన్నే కదా ఫండుగా చేసి అమ్ముతారు! పనిచేయని నియమాల గీతలు మనకెవరూ చూపించరు.

మరో సంగతి. డేవిడ్ మెక్‌లీన్, జెఫ్రీ పాంటిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 97 సూత్రాలను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒక సూత్రం పత్రికల్లో అచ్చయి అందరికీ తెలిశాక దాని అదనపు లాభం సగటున 58 శాతం తగ్గిందని తేలింది. ఇది మనకు తెలియనిదా? ఫలానా మూల బండి దగ్గర టమాటా చవక అని ఊరందరికీ తెలిస్తే, మరుసటి వారం అక్కడ చవక ఉంటుందా?

ఊపు వెంట నడిచినవాళ్ల కష్టం పత్తి రైతు ఇంటి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలా? 2022 జనవరిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటా పత్తి పది వేలు దాటింది. ఆ ధర అలాగే ఉంటుందని నమ్మి అప్పు చేసి పెట్టుబడి పెట్టినవాళ్లు మన చుట్టూ లేరా? 2024-25లో పొడవు పింజ పత్తికి ప్రభుత్వ మద్దతు ధర 7,521 రూపాయలు. మొమెంటం సూచీ ఆరు నెలలకోసారి జాబితా మార్చుకుంటుంది కనుక రైతు కంటే దానికి కాస్త వెసులుబాటు ఉంది. కానీ ఆ ఆరు నెలల మధ్యలో ధర తిరగబడితే దానికీ దెబ్బ తప్పదు.

తప్పలేదు కూడా! 2024 సెప్టెంబరు చివర నిఫ్టీ శిఖరానికి చేరి, అక్కడి నుంచి 2025 మార్చి మొదటి వారానికి సుమారు 16 శాతం పడింది. అదే కాలంలో మొమెంటం 30 సూచీ 30 శాతానికి అటూ ఇటూగా పడింది. మన టేకుమట్ల ఇల్లాలి రెండు లక్షలు ఆ శిఖరం మీద అందులో పెట్టి ఉంటే, ఫీజు కట్టే వేళకు లక్షా నలభై వేలు మిగిలేవి. ఇంకో లెక్క చూడండి. 30 శాతం పోయిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే 30 శాతం పెరిగితే సరిపోదు. దాదాపు 43 శాతం పెరగాలి. వస్తుందా అంటే రావచ్చు. కానీ కాలేజీ వాళ్లు అప్పటిదాకా ఆగుతారా?

‘అయితే మొమెంటం వద్దు, క్వాలిటీ తీసుకుంటాం’ అంటారా? దానికీ ఓ బలహీనత ఉంది. నాణ్యతను కొలిచేది కంపెనీ తానే ప్రకటించిన లెక్కలతో. సత్యం పుస్తకాల్లో బ్యాంకు నిల్వలు 5,361 కోట్లుగా చూపించారు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నారు. అంతకు నాలుగు నెలల ముందే, 2008 సెప్టెంబరులో, ఆ కంపెనీకి సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు! తొడిమకు పచ్చరంగు పూసి ఉంటే ఏ కళ్లు మాత్రం పట్టుకుంటాయి? ఇక వాల్యూ పద్ధతి అమెరికాలో 2007 తర్వాత పదేళ్లకు పైగా వెనకబడే ఉండిపోయింది. ఓపిక పట్టలేక చాలామంది దాన్ని వదిలేసుకున్నారు. లో వొలటిలిటీ పడేటప్పుడు సాధారణంగా తక్కువ పడుతుంది కానీ, మార్కెట్ ఉరుకుతున్నప్పుడు మందకొడిగా నడుస్తుంది. పక్కింటివాళ్ల ఫండు రెట్టింపవుతుంటే మనది నత్తనడక నడుస్తుంది. అదీ ఒక పరీక్షే.

మరి చోటే లేదా?

ఉంది. అలాగని విస్తట్లో అన్నం పెట్టే చోట కారప్పొడి పెడతామా?

మన పొదుపులో మొదటి చోటు అప్పు తీర్చడానిది. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఇంట్లో ఉంటే, ఏడాదికి 24 శాతం పోతోందన్నమాట. ఏ ఫండూ ఏటా అంత ఇస్తానని పూచీ ఇవ్వదు. ఆ అప్పు తీర్చడమే అన్నిటికన్నా గొప్ప పెట్టుబడి. రెండో చోటు కష్టకాలానికి. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండాలి. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకూ బీమా 2020 నుంచి ఉంది. మూడో చోటు తేదీ తెలిసిన ఖర్చులకు. కూతురి ఫీజు, కొడుకు హాస్టలు, ఇంటి స్లాబు... నాలుగైదేళ్ల లోపు కావలసిన పైసలు ఏ షేర్ ఫండులోనూ పెట్టకూడదు, మామూలు ఇండెక్స్ ఫండులో కూడా.

ఇవన్నీ అయ్యాక, ఏడెనిమిదేళ్లు ముట్టనక్కర్లేని సొమ్ము మిగిలితే, అప్పుడు షేర్ల మాట. అందులో ముందు మామూలు ఇండెక్స్ ఫండ్. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల పీఎఫ్ సొమ్ము చూసే ఈపీఎఫ్‌వో కూడా 2015 ఆగస్టు నుంచి ఇలాగే చేస్తోంది. మొదట కొత్తగా వచ్చే సొమ్ములో 5 శాతంతో మొదలుపెట్టి, 2017లో 15 శాతానికి పెంచింది. అదీ ఎక్కువగా నిఫ్టీ, సెన్సెక్స్‌ల వెంట నడిచే ఫండ్లలో. కోట్ల మంది కష్టార్జితం చూసే సంస్థే ఇంత ఆచితూచి అడుగేస్తే, మనకు తొందరెందుకు?

ఫ్యాక్టర్ ఫండ్ ఆ తర్వాత వచ్చేది. షేర్లలో పెట్టే ప్రతి వంద రూపాయల్లో పదో, ఇరవయ్యో. పోయినా ఇల్లు కదలనంత. ఒక్క పద్ధతినే నమ్ముకోకుండా, ఒకటి పడినప్పుడు మరొకటి ఆదుకునేలా రెండింటిని కలుపుకోవచ్చు. ఊపు వెంట పరిగెత్తే దానికి తోడుగా నిలకడగా నడిచేది ఒకటి. ఇల్లు నడపడంలో మనం చేసేదే కదా! అయితే పేర్లు వేరైనంత మాత్రాన సరుకు వేరు కాకపోవచ్చు. నిఫ్టీ ఫండూ, నిఫ్టీ నుంచే 20 ఏరిన వాల్యూ ఫండూ రెండూ కొంటే, అవే కంపెనీలను రెండుసార్లు కొన్నట్టే.

కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఈ సూచీ ఎప్పుడు పుట్టింది? పుట్టిన తర్వాతి గీత మాత్రమే చూపిస్తారా? అతి చెడ్డ కాలంలో ఎంత పడింది, కోలుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది? ఏటా ఖర్చు ఎంత? లక్ష రూపాయల మీద 0.2 శాతం అంటే ఏడాదికి 200 రూపాయలు, 0.5 శాతం అంటే 500. చిన్న తేడాలాగే ఉంటుంది, కానీ లాభం వచ్చినా రాకున్నా ఏటా పోయేదే. ఫండు మీద రిస్క్ ఎంతో చూపే ముల్లు బొమ్మ ఉంటుంది. ముల్లు ఎక్కడ ఉందో చూడండి. నచ్చక ఒక ఫండు నుంచి మరోదానికి మారితే అది అమ్మకం కిందికే వస్తుంది. 2024 జులై 23 నుంచి, ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆ ఏడు 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. కనుక ఈ ఏడు ఏది పైన ఉందో చూసి గెంతడం అన్నిటికన్నా నష్టం.

చివరిగా ఒక్క మాట. ఆ రెండు లక్షల్లో పత్తి ఏరిన చేతుల కష్టం ఉంది, నెలనెలా చిట్టీ కట్టిన ఓర్పు ఉంది. అయినా చాలా ఇళ్లలో పైసలు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చేసరికి ‘నీకేం తెలుసు’ అనేస్తారు. ఖాతా మగవాళ్ల పేరున, పాస్‌వర్డ్ పిల్లల ఫోన్‌లో. మీ సొమ్ము పెట్టే ఫండు మీ పేరున ఉందా? నామినీ ఎవరు? మీ అంతట మీరు తెరిచి చూసుకోగలరా? ఇవి తేలకుండా వాల్యూ ఏమిటి, మొమెంటం ఏమిటి!

ఆ టేకుమట్ల ఇల్లాలికి ఫామా ఎవరో తెలియనక్కర్లేదు. మధ్యలో కిందికి వచ్చినప్పుడు ఫీజు ఎలా అని ఆమె అడిగిన ప్రశ్నలోనే సగం శాస్త్రం ఉంది. ఆ ప్రశ్నకు సరైన జవాబు వచ్చేదాకా సంచీ మూతి కట్టే ఉంచండి. అంగట్లో పుచ్చు వంకాయ ఇస్తే మొహమాటం లేకుండా తిరిగిచ్చేసే మనం, బిడ్డ భవిష్యత్తు దగ్గర మాత్రం ఎందుకు మొహమాటపడాలి?